విశ్వజాల ప్రాదుర్భావము
(వార్షిక మహాసభయం దొసగిన యుపన్యాసము)

  

ఈ మహాసభయందు ప్రసంగింపుడని కార్యనిర్వాహకవర్గమువారు మమ్ము గోరినందులకు కృతజ్ఞులము. సంస్కృతాంధ్రములను బోధించుటయందే జీవితము గడపిన మావంటివారు పురాణమునో వ్యాకరణమునో ప్రస్తావింతురని మీరు తలపవచ్చును. కాని మన సంఘము తన పేర నొక వెబ్‌సైటును నెలకొల్ప సంకల్పించినదని విని, ఆ వస్తువుయొక్క పుట్టుపూర్వోత్తరములను మీకు విన్నవించుటయే యుక్తమని తలంచితిమి. ఇల్లు కట్టబూనినవాడు ముందుగా నేల స్వభావము నెఱుగవలయును గదా!

మొదట నొక భేదమును గ్రహింపవలెను. ఇంటర్నెట్టు వేఱు, వెబ్బు వేఱు. ఇంటర్నెట్టు కంప్యూటర్లను గలుపు బాట. అమెరికా రక్షణశాఖవారి ధనసాహాయ్యముతో 1969లో నడువ నారంభించిన అర్పానెట్టు దానికి మూలము. వేఱువేఱు యంత్రసమూహములు పరస్పరము సంభాషించుటకు వలయు సామాన్యనియమములను 1983 జనవరి 1వ తేదీన ఆ అర్పానెట్టు స్వీకరించెను. వెబ్బన్ననో, ఆ బాటపై నడచు గ్రంథసంచారము. బాట యున్నంతమాత్రమున పుస్తకము చేతికి రాదు. అది యెవరి యింట నున్నదో, ఏ లిపిలో నున్నదో, ఏ తాళముతో దెఱవవలెనో తెలియవలెను. వెబ్బునకు ముందు కంప్యూటర్లలోని విజ్ఞానమున కట్టి దుర్గతియే పట్టియుండెను.

ఒక గ్రంథమునుండి వేఱొక గ్రంథమునకు దారి చూపుట మనకు గ్రొత్త గాదు. పాణినీయము చదువువాడు సూత్రమునుండి వార్తికమునకు, వార్తికమునుండి భాష్యమునకు బోవుచునే యుండును. అయితే ఆ పోక చదువరి జ్ఞాపకశక్తిపైనను, గురువుగారి దయపైనను ఆధారపడియుండెను. ఈ పనిని యంత్రముచే జేయింపవచ్చునని 1945లో వన్నెవర్ బుష్ అను అమెరికా శాస్త్రజ్ఞు డొక వ్యాసమున నూహించెను. 1965లో టెడ్ నెల్సన్ అను నాతడు అట్టి లంకెలుగల రచనకు హైపర్‌టెక్స్టు అని పేరు పెట్టెను. ఊహ యుండెను, పేరుండెను. లోకమునకెల్ల ననువైన రూపము మాత్రము లేకుండెను.

ఆ రూపము కల్పించినవాడు టిమ్ బర్నర్స్-లీ. ఆయన 1955లో లండను నగరమున జన్మించెను. తల్లిదండ్రు లిరువురును గణితజ్ఞులు. తొలితరపు కంప్యూటర్లతో పనిచేసినవారు. ఆయన ఆక్సుఫర్డునందు భౌతికశాస్త్ర మభ్యసించి, స్విట్జర్లాండు ఫ్రాన్సు దేశముల సరిహద్దున జెనీవా చెంతనున్న సెర్న్ అను పరమాణుపరిశోధనాలయమున బనికి గుదిరెను. అచ్చట అనేక దేశముల విద్వాంసులు కొన్ని యేండ్లు పనిచేసి వెడలిపోవుచుండిరి. ఒకరి యంత్ర మింకొకరి యంత్రముతో మాటాడదు. వెడలినవారితోపాటు వారి యెఱుకయు వెడలిపోవుచుండెను. ఈ నష్టమును జూచి బర్నర్స్-లీ 1989 మార్చిలో నొక ప్రణాళికను వ్రాసి పై యధికారియైన మైక్ సెండాల్‌కు సమర్పించెను. ఆయన దానిపై, ఇది యస్పష్టముగా నున్నను ఉత్సాహకరముగా నున్నదని వ్రాసెను, త్రోసిపుచ్చలేదు. పిమ్మట బెల్జియము దేశీయుడు రాబర్ట్ కైలో తోడుపడగా 1990 నవంబరులో ప్రణాళిక మఱల సమర్పింపబడెను. ఆ సంవత్సరాంతమునకే, నెక్స్ట్ అను కంప్యూటరుపై మొదటి సర్వరును, మొదటి బ్రౌజరును పనిచేయ నారంభించెను. ఎవరైన తెలియక యాపివేయుదురేమో యని భయపడి, ఇది సర్వరు, దీని నాపవలదని యొక చీటిపై ఎఱ్ఱసిరాతో వ్రాసి ఆ యంత్రమున కంటించిరి. ఆనాడు సమస్త విశ్వజాలమును ఆ యొక్క పెట్టెలోనే యుండెను!

ఈ నిర్మాణమునకు మూడు స్తంభములు. మొదటిది ప్రతి పుటకును వేఱుగా నొక చిరునామా. రెండవది పుటను కోరుటకును పంపుటకును సంభాషణనియమము. మూడవది పుటను వ్రాయుటకు హెచ్‌.టి.ఎమ్‌.ఎల్‌. అను సులభమైన పద్ధతి. వీనికి తోడు మఱియొక సూక్ష్మము గలదు. ఒకరి పుటకు లంకె వేయుటకు వారి యనుమతి యక్కఱలేదు. వారి పుటలో నేమియు మార్ప బనిలేదు. ఒక లంకె తెగినను తక్కిన జాలము చెక్కుచెదరదు. ఇట్లగుటచే ఏ కేంద్రాధికారియు లేకయే జాలము పెరుగ గలిగెను. ఊర్ణనాభి యొక్కటియే తన జాలమంతయు నల్లును. ఈ జాలము నన్ననో, ఎవరి నూలు వారు తెచ్చి యల్లవచ్చును.

1991 ఆగస్టు 6వ తేదీన బర్నర్స్-లీ దీనిని బయటివారి కెఱుక పఱచెను. నికోలా పెల్లో అను విద్యార్థిని ఏ సామాన్య యంత్రముపైనైనను పనిచేయగల యక్షరమాత్రపు బ్రౌజరును వ్రాసెను. ఆ డిసెంబరులోనే కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డు పరిశోధనాలయమున ఐరోపాకు వెలుపలి మొదటి సర్వరు వెలసెను. భౌతికశాస్త్ర వ్యాసముల పట్టికను అందఱకు నందించుటయే దాని పని.

ఇక మా యుపన్యాసమునకు ప్రాణమైన ఘట్టమునకు వత్తుము. ఆ కాలమున వెబ్బునకు బలమైన ప్రతిద్వంద్వి యుండెను. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమువారు 1991లో వెలువరించిన గోఫర్ అను పద్ధతి సులభమై, వెబ్బుకంటె నెక్కుడు ప్రచారము నొందియుండెను. అయితే 1993లో ఆ విశ్వవిద్యాలయమువారు కొందఱు వినియోగదారులనుండి రుసుము గైకొందుమని ప్రకటించిరి. రుసుము కొందఱకే యైనను సంశయము అందఱకును గలిగెను. నేడు వారి నడిగినవారు రేపు మమ్మడుగరా యని జను లాలోచించిరి. ఆ సంవత్సరము ఏప్రిల్ 30వ తేదీననే సెర్న్ వారు వెబ్బునకు సంబంధించిన తమ మూలరచనలపై సర్వస్వామ్యమును విడిచి, ఎవరైనను ఎట్టి రుసుమును లేక వాడుకొనవచ్చునని పత్రము వ్రాసి యిచ్చిరి. ఆ సంవత్సరమే ఇల్లినాయి విశ్వవిద్యాలయమున మార్క్ ఆండ్రీసెన్, ఎరిక్ బీనా అనువారు మొజాయిక్ అను బ్రౌజరును వెలువరించిరి. రాతనడుమనే బొమ్మలు గనబడుటయు, వాడుట సులభమగుటయు జనుల నాకర్షించెను. 1993 చివరకు తెలిసిన సర్వర్లు 500 దాటెను. 1994 చివరకు అవి 10,000 అయ్యెను. గోఫర్ క్రమముగా మూలబడెను.

మహాజనులారా! రెండింటి తారతమ్యము బుద్ధిబలమున గాదు. ఇరువురును పండితులే. ఒకరు ద్వారముకడ గుమాస్తాను గూర్చుండబెట్టుదు మనిరి. ఒకరు ద్వారబంధమునే తీసివేసిరి. మొజాయిక్ వంటి సౌకర్యములు తోడుపడిన మాట నిజమే. కాని దానము ముందు జరుగకున్న, ఎవరి స్వామ్యమో తెలియని నేలపై అంతమంది యిండ్లు కట్టుకొని యుందురా? విద్య యిచ్చినకొలది పెరుగునని మన పెద్దలు చెప్పిన మాటకు ఇంతకంటె ప్రత్యక్షప్రమాణ మేమి గావలెను?

ఈ న్యాయమే మన తెలుగునకును వర్తించినది. భారతదేశమున సామాన్యజనులకు 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ వారు ఇంటర్నెట్టు నందించిరి. తరువాత తెలుగు పత్రికలు వెబ్బునకు వచ్చినవి గాని, ఒక్కొక్కరిది యొక్కొక్క యక్షరపుముద్ర. ఒకరి ముద్ర లేనిచో వారి వార్త పిచ్చిగీతలుగ గనబడెడిది. వెదకిన దొరకెడిది గాదు. 1991లోనే వెలువడిన యూనికోడు అను సామాన్యసంకేతమున తెలుగునకును స్థానము లభించియుండెను గాని, అది మన యంత్రములలో వాడుకకు వచ్చుసరికి పదియేండ్లు పట్టెను. అది వచ్చిన పిమ్మట 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా యారంభమై, వేలకొలది వ్యాసములతో నింపబడెను. ఎవరి యక్షరము వారి పెట్టెలో నున్నంతకాలము తెలుగు చీలియుండెను. అక్షర మందఱదైన నాడు గదా కూడుకొనెను.

అయితే ఒక హెచ్చరికయు గలదు. లోకములోని మొదటి వెబ్‌పుటయొక్క తొలిరూపము నేడు లేదు. ఆ పుటనే మార్చి మార్చి వ్రాయుచు పాతదానిని దాచకపోయిరి. 2013లో సెర్న్ వారు దానిని పునరుద్ధరింప బూనగా, వారికి 1992 నాటి ప్రతియే యాధారమయ్యెను. సృష్టికర్తల యింటనే యిట్లైన, మన మాట యేమి? చిరునామాలను మార్చరాదని బర్నర్స్-లీ 1998లో ప్రత్యేకముగ నొక వ్యాసమే వ్రాసెను. ఆ సంవత్సరమే యారంభమైన “ఈమాట” అను తెలుగు వెబ్‌పత్రిక తన తొలిసంచికలను నేటికిని చదువరుల కందించుచున్నది. చేయదలచినవారికి సాధ్యమే యని దానివలన దెలియుచున్నది.

కావున మన వెబ్‌సైటును గూర్చి మాకు మూడు విన్నపములు గలవు. మొదటిది: మన పూర్వసంచికలను, విద్యార్థివేతనముల వివరములను, వసతిగృహ నియమములను రహస్యపదముతో బంధింపక అందఱకును దెఱచి యుంచుడు. చందా యిచ్చినవారికే చూపుదమను ఆలోచన కొందఱకు గలదని వింటిమి. గోఫర్ కథను వారు స్మరింతురు గాక. సభ్యుల యిండ్ల చిరునామాలు, ఫోను సంఖ్యలు మాత్రము గోప్యముగ నుండుట ధర్మము. రెండవది: రచనలను ఛాయాచిత్రములుగ గాక యూనికోడు తెలుగున నెక్కింపుడు, అప్పుడే వెదకువారికి దొరకును. మూడవది: ఒకసారి ప్రకటించిన పుటను తొలగింపకుడు, చిరునామా మార్పకుడు, ప్రతుల నొక్కచోటగాక పెక్కుచోట్ల నుంచుడు.

ఏ పల్లెలోనో ఫీజు కట్టలేని యొక బాలిక, వేతన మెవరిత్తురా యని రాత్రివేళ తన తండ్రి సెల్‌ఫోనులో వెదకుచుండవచ్చును. మన పుట యామెకు దెఱచుకొన్నదా, రహస్యపద మడిగినదా యనునదే మన సంకల్పమునకు పరీక్ష. దాతలు ఈ విషయము నాలోచించి యుచితరీతి నిర్ణయింతురని విన్నవించుచున్నాము.