చనువే చేటైన చిలుక

చిలుక యనగానే మనకు జామతోటయు, మామిడికొమ్మయు, పండును కొఱుకు నెఱ్ఱని ముక్కును స్ఫురించును. మంచు కురియు కొండలపై చిలుక బ్రదుకుననిన వింతగా నుండును. అయినను న్యూజీలాండు దక్షిణద్వీపపు ఆల్ప్స్ పర్వతములలో నట్టి చిలుక కలదు. దాని పేరు ‘కియా’. అది దాని కూతయే. ఆ దేశపు మావోరీ ప్రజలు దానినే పేరుగా నిలిపిరి. ఒడలు పాచిపచ్చన; ఱెక్క విప్పినచో లోపల నారింజవన్నె మెఱయును.

చలికొండలలో ఆహారము అరుదు. కనబడిన ప్రతి క్రొత్త వస్తువును ముక్కుతో పొడిచి చూచినగాని ఈ పక్షికి పొట్ట గడవదు. అందుచేతనే దానికి మనుష్యుడన్న భయము లేదు. బాటసారుల సంచులు విప్పును. మోటారుకారు కిటికీల రబ్బరును పెఱికివేయును. ఈ చనువే దానికి రెండుమారులు చేటు తెచ్చినది.

మొదటి చేటు పగవలన. 1860ల చివర, గొఱ్ఱెలను పొడుచుచున్నదని కాపరులు దీనిపై నేరము మోపిరి. కొన్ని పక్షులట్లు చేయుట నిజమే. కాని శిక్ష జాతికంతకును పడినది. ముక్కులు తెచ్చి చూపిన వారికి బహుమాన మీయబడెను. నూఱేండ్లలో సుమారు 1,50,000 పక్షులు హతమైనవి. చట్టము 1971లో పాక్షికముగను, 1986లో పూర్తిగను రక్షణ నొసగినది. నేడు మిగిలినవి 3,000 మొదలు 7,000 వఱకు నుండునని అంచనా.

రెండవ చేటు ప్రేమవలన. కొండదారుల నాగిన యాత్రికులు ముచ్చటపడి రొట్టెముక్కయో, వేయించిన ఆలుగడ్డ ముక్కయో చాపుదురు. ఆ రుచి మరిగిన పక్షి బండ్లచుట్టు తిరుగుచు చక్రముల క్రింద పడును. ఇండ్లచెంత మసలుచు పాత కప్పుల సీసపు మేకులను, రేకులను కొఱుకును. సీసము రుచి తీపి, ఫలము విషము. నేలపై గూడు కట్టు జాతి గనుక, ముంగిసను బోలు స్టోట్ అను జంతువు దాని గుడ్లను, పిల్లలను తినుచునే యున్నది. దానికి మన ముచ్చటయు తోడైనచో ఆ జాతి కోలుకొను టెట్లు?

ఆ యాత్రికులను మేము నిందింపము. చిలుకను చూచి జామముక్క చాపనివారు మనలో నెందఱు? మేమును చాపినవారమే.

న్యూజీలాండులో తెలుగు కుటుంబములును కలవు. మీ బిడ్డలో, బంధువులో అచట నున్నచో, క్షేమసమాచారములతోపాటు ఈ నాలుగు మాటలును చెప్పుడు. కియాకు మేత వేయవలదు, తోటివారిని వేయనీయవలదు. తినుబండారములను, పాదరక్షలను దానికందకుండ మూసి యుంచవలెను. అది చెంతకు వచ్చినను తాకక, తరుమక, చూచి యానందింపవలెను. కాలికి రంగుకడియ మున్నచో ఆ రంగును, చూచిన చోటును పక్షిసంరక్షకులకు తెలుపవలెను. కొండలలో ఇల్లున్నవారు సీసపు మేకులను తీసివేసి వేఱు మేకులు వేయించుకొనవలెను.

పగతో చంపిన చేతిని చట్టము ఆపినది. ప్రేమతో చాచిన చేతిని మనమే వెనుకకు తీసికొనవలెను.