తాటిచెట్టు క్రింద పాలు: అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో సావాసాల నింద

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో అభ్యర్థులు ఒకరిమీద ఒకరు వేసుకునే నిందల గూర్చి, అందులోనూ "ఫలానావాడితో నీకు స్నేహం ఉండేది కదా" అనే నింద గూర్చి మాట్లాడమని నన్ను ఆదేశించారు. ఎక్కడి అమెరికా, మనకెందుకీ గొడవ అని కొందరికి అనిపించవచ్చు. మన కుటుంబాల పిల్లలు చికాగోలో, హూస్టన్‌లో, డల్లాస్‌లో స్థిరపడ్డారు. కొందరికి అక్కడ ఓటు కూడా వచ్చింది. అదొక కారణం. రెండోది అంతకంటే పెద్దది. ఈ మధ్యకాలంలో ఆ ప్రచారాల్లో అభ్యర్థి మీద జల్లడానికి పనికివచ్చే బురదగా మన పేర్లను, మన తలగుడ్డలను, మన భాషలను వాడుకున్నారు. అభ్యర్థి ఆ బురద కడుక్కుని తన దారిన తాను పోతాడు. బురద అనిపించుకున్న మనిషి మాటేమిటి? నేను చెప్పదలచుకున్నది దాని గూర్చే.

మన తెలుగులో ఒక సామెత ఉంది. తాటిచెట్టు క్రింద పాలు తాగినా కల్లే అంటారని. దానికి పక్కనే ఇంకొకటి కూడా ఉంది. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని. రెండూ పెద్దలు చెప్పినవే. మొదటిది నింద వేసేవాళ్ళ బుద్ధిని చెబుతుంది, రెండోది సావాసంలో నిజంగా ఉన్న బలాన్ని చెబుతుంది. కాబట్టి ఒక అభ్యర్థి గతంలో ఎవరితో తిరిగాడు, ఎవరి దగ్గర డబ్బు తీసుకున్నాడు, ఎవరిని పదవుల్లో పెట్టాడు అని ఓటరు అడగడం తప్పని నేను అనను. అడగాలి. వాళ్ళిద్దరూ కలిసి చేసినదేమిటో చెప్పకుండా, ఆ రెండో మనిషి ముఖాన్నో పేరునో చూపించి భయపెట్టి ఊరుకున్నప్పుడే అది నింద అవుతుంది. మన ఇళ్ళల్లో తోహమత్ అంటామే, అదే.

ఇది టెలివిజన్ తెచ్చిన జబ్బు అనుకుంటారు చాలామంది. కాదు. 1800 ఎన్నికల్లో థామస్ జెఫర్సన్‌ను నాస్తికుడని, ఫ్రెంచి విప్లవకారుల తొత్తని ప్రత్యర్థులు కరపత్రాలు వేశారు. 1828లో మరీ ఘోరం. ఆండ్రూ జాక్సన్ భార్య రేచల్‌కు అంతకుముందు ఒక వివాహం జరిగింది. విడాకులు పూర్తయ్యాయనే నమ్మకంతో ఆమె జాక్సన్‌ను పెళ్ళాడింది. తీరా చూస్తే అప్పటికి కాగితాలు పూర్తికాలేదు, 1794లో మళ్ళీ పెళ్ళి చేసుకోవలసి వచ్చింది. ముప్ఫై నాలుగేళ్ళ తరువాత ఆ సంగతి తవ్వి తీసి, ఆమెను వ్యభిచారిణి అని పత్రికల్లో వ్రాశారు. జాక్సన్ మనుషులు ఊరుకున్నారా? జాన్ క్విన్సీ ఆడమ్స్ రష్యాలో రాయబారిగా ఉన్నప్పుడు అక్కడి చక్రవర్తికి ఒక పిల్లను సమకూర్చాడని వాళ్ళూ ప్రచారం చేశారు. జాక్సన్ గెలిచాడు. కాని అధికారం స్వీకరించకముందే, 1828 డిసెంబరు 22న రేచల్ చనిపోయింది. ఆ నిందలే తన భార్యను చంపాయని ఆయన చివరిదాకా నమ్మాడు. అభ్యర్థి వైట్‌హౌస్‌కు వెళ్ళాడు, పోటీలో లేని మనిషి సమాధికి వెళ్ళింది.

1964లో టెలివిజన్ సంగతి. సెప్టెంబరు 7న జాన్సన్ పక్షంవారు ఒక ప్రకటన వేశారు. చిన్నపిల్ల పువ్వు రేకులు తుంచుతూ లెక్క పెడుతుంటుంది. అంతలో అణుబాంబు పేలుతుంది. ప్రత్యర్థి గోల్డ్‌వాటర్ పేరు ఎక్కడా లేదు. డబ్బు చెల్లించి ప్రసారం చేసింది ఒక్కసారే. వార్తల్లోవాళ్ళు చర్చ పేరుతో మళ్ళీ మళ్ళీ చూపించారు. అప్పటినుంచి ప్రచారకులకు ఒక కిటుకు తెలిసింది. ఒక్కసారి వేస్తే చాలు, మిగతాది వార్తలవాళ్ళే ఉచితంగా మోస్తారు.

1988 కాస్త వివరంగా చెప్పాలి. మైకేల్ డుకాకిస్ మసాచుసెట్స్ గవర్నరు. ఆ రాష్ట్రంలో ఖైదీలకు కొన్నాళ్ళు సెలవు ఇచ్చి బయటికి పంపే పద్ధతి ఉండేది. అది మొదలైంది 1972లో, రిపబ్లికన్ గవర్నరు హయాంలో. హత్యానేరస్థులకు ఆ సెలవు వద్దని 1976లో శాసనసభ బిల్లు పంపితే డుకాకిస్ దాన్ని త్రోసిపుచ్చాడు. విల్లీ హార్టన్ అనే ఖైదీ 1986లో సెలవు మీద వెళ్ళి తిరిగిరాలేదు. 1987లో మేరీలాండ్‌లో ఒక జంట మీద దాడి చేశాడు, ఆ స్త్రీని చెరిచాడు. ఇవన్నీ వాస్తవాలే. గవర్నరుని నిలదీయవలసిన వాస్తవాలే. కాని ప్రకటనలో ఏం చేశారు? హార్టన్ నల్లజాతివాడు. అతడి ఫొటో తెరనిండా చూపించారు. ఆ ఫొటో వేసింది అభ్యర్థి బుష్ ప్రచార కార్యాలయం కాదు, బయటి సంఘం ఒకటి. బుష్‌గారి సొంత ప్రకటనలో మాత్రం పేరూ ఫొటో లేకుండా, జైలు తలుపులోంచి ఖైదీలు లోపలికీ బయటికీ తిరుగుతుంటారు. రెండూ చూసినవాడు లోలోపల కలుపుకుంటాడు.

జులైలో 17 శాతం ముందున్న డుకాకిస్ చాలాకాలం జవాబు చెప్పకుండా కూర్చున్నాడు. చివరికి బుష్ 40 రాష్ట్రాలు గెలుచుకున్నాడు. నిందకు జవాబు చెప్పకపోతే ఒప్పుకున్నట్లు, చెబితే గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్లు. ఇది ఆ ఆటలోనే ఉన్న ఇరకాటం. ఆ ప్రచారం నడిపించిన లీ ఆట్‌వాటర్ 1991లో మెదడు గడ్డతో మంచాన పడి, డుకాకిస్ పట్ల క్రూరంగా ప్రవర్తించానని క్షమాపణ చెప్పుకున్నాడు. నలభై ఏళ్ళకే పోయాడు. ఆ ప్రకటన చూసి పొరుగున ఉన్న నల్లజాతి పిల్లవాణ్ణి అనుమానంగా చూడడం మొదలుపెట్టినవాళ్ళ దగ్గరికి ఆ క్షమాపణ చేరిందో లేదో!

ఇప్పుడు 2008. దీని దగ్గర కొంచెం నిలుద్దాం.

బరాక్ హుస్సేన్ ఒబామా తండ్రి కెన్యా దేశస్థుడు. బాల్యంలో కొన్నేళ్ళు జకార్తాలో చదివాడు. అక్కడ మదరసాలో చదివాడని 2007 జనవరిలో పుకారు లేచింది. టెలివిజన్ విలేకరి ఒకరు జకార్తా వెళ్ళి చూస్తే అది మామూలు ప్రభుత్వ పాఠశాల. (మదరసాలో చదివితే మాత్రం ఏమైంది అని ఆ విలేకరులెవరూ అడగలేదు.) 2008 మార్చిలో ఆయన చర్చి పాదిరి జెరెమయా రైట్ ప్రసంగాల ముక్కలు బయటికి వచ్చాయి. దాదాపు ఇరవై ఏళ్ళు ఆ చర్చికి వెళ్ళాడు కదా, ఆ మాటలకు నువ్వూ బాధ్యుడివే అన్నారు. మార్చి 18న ఫిలడెల్ఫియాలో ఒబామా జాతి సమస్య మీద పెద్ద ఉపన్యాసమిచ్చాడు, మే నెలాఖరుకు ఆ చర్చినే వదిలేశాడు. చూడండి చిత్రం. ఒకేసారి ఒకే మనిషి క్రైస్తవ పాదిరికి మరీ దగ్గరివాడని ఒక నింద, రహస్యంగా ముస్లిమని ఇంకొక నింద!

తరువాత బిల్ ఏయర్స్. 1970ల్లో బాంబులు పెట్టిన ఒక తీవ్రవాద ముఠా నాయకుడు, తరువాత చికాగోలో ప్రొఫెసరయ్యాడు. ఇద్దరూ ఒక ధర్మసంస్థ బోర్డులో పనిచేశారు. ఒబామా 1961లో పుట్టాడు, ఆ బాంబుల కాలానికి చిన్నపిల్లవాడు. అయినా అక్టోబరులో సారా పేలిన్ ఆయన్ని టెర్రరిస్టులతో తిరిగేవాడని సభల్లో చెప్పింది. ఆ వెంటనే రషీద్ ఖాలిదీ పేరు వచ్చింది. ఆయన అప్పట్లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చరిత్ర ప్రొఫెసరు, పాలస్తీనా సంతతి వాడు. 2003లో ఆయనకు చికాగోలో జరిగిన వీడ్కోలు విందుకు ఒబామా వెళ్ళాడట. ఆ వీడియో బయటపెట్టాలని మెకెయిన్ పక్షం పట్టుబట్టింది. తమాషా ఏమిటంటే, మెకెయిన్ అధ్యక్షుడుగా ఉన్న సంస్థ 1990ల్లో ఖాలిదీ స్థాపకుల్లో ఒకరైన పాలస్తీనా పరిశోధనా కేంద్రానికి విరాళమిచ్చింది. ఏయర్స్ బాంబుల కథలో ఉన్నాడు సరే, ఖాలిదీ చేసిన నేరమేమిటి? పుస్తకాలు వ్రాశాడు, తన ప్రజల గూర్చి మాట్లాడాడు. ఇద్దరినీ ఒకే వాక్యంలో కట్టారు.

ఇదంతా ఎదుటిపక్షం పని. సొంతపక్షం ఏం చేసిందో కూడా చెప్పాలి. ఆ జూన్‌లో డెట్రాయిట్ సభలో ఇద్దరు అమ్మాయిలు తలగుడ్డలు కట్టుకున్నారని, ఒబామా వెనుక కెమెరాలో కనబడే వరుసలో కూర్చోనివ్వలేదు అక్కడి కార్యకర్తలు. తరువాత ఒబామా ఫోన్ చేసి క్షమాపణ చెప్పాడు. ఆగస్టులో ముస్లిం ఓటర్లతో సంబంధాలు చూడడానికి నియమితుడైన చికాగో న్యాయవాది ఒకరు వారాలు తిరగకుండానే రాజీనామా చేశాడు. కారణం, 2000లో కొద్ది వారాలు ఒక పెట్టుబడి నిధి బోర్డులో ఉండడం, అదే బోర్డులో వివాదంలో చిక్కుకున్న ఒక ఇమామ్ కూడా ఉండడం. ఆయన మీద ఏ ఆరోపణా లేదు. పుకార్లకు జవాబులిచ్చే వెబ్‌సైటు ఒకటి ఒబామావారు తెరిచారు. "ఆయన ముస్లిం" అన్నది దాంట్లో ఖండించవలసిన నిందల జాబితాలో ఉంది. ఆయన క్రైస్తవుడు, కాదనడం నిజమే. కాని ఆ జాబితా చదివిన ముస్లిం పిల్లవాడికి ఏమనిపించి ఉంటుంది? ఆ సెప్టెంబరులోనే ఇస్లాం భయం పెంచే సినిమా డీవీడీలు సుమారు 2 కోట్ల 80 లక్షలు, గట్టిపోటీ ఉన్న రాష్ట్రాల్లో వార్తాపత్రికలతోపాటు ఇళ్ళకు పంచింది ఒక సంఘం.

అక్టోబరు 10న మిన్నెసోటాలో మెకెయిన్ సభ. ఒకామె మైకు పట్టుకుని ఒబామాను నమ్మలేను, ఆయన అరబ్బు అంది. మెకెయిన్ మైకు తీసుకుని, కాదమ్మా, ఆయన మర్యాదస్థుడు, సంసారపక్షం మనిషి, పౌరుడు, నాకు ఆయనతో విభేదాలున్నాయంతే అన్నాడు. సొంత సభలో జనం ఈలలు వేస్తుంటే అట్లా చెప్పడానికి గుండె కావాలి. పైగా ఆయనకు ఆ నొప్పి తెలుసు. 2000లో దక్షిణ కరోలినాలో ఆయన బంగ్లాదేశ్ అనాథాశ్రమంనుంచి తెచ్చి పెంచుకుంటున్న పాపను చూపించి, అక్రమ సంతానమని చాటుమాటుగా ప్రచారం చేశారు. ఆ రాష్ట్రంలో ఆయన ఓడిపోయాడు. ఇంతా చెప్పి, ఆయన జవాబులో ఒక లోటు ఉంది. అరబ్బు కాదు, మర్యాదస్థుడు అంటే, అరబ్బు మర్యాదస్థుడు కాడన్నమాటేగా?

ఆ లోటు పూడ్చినవాడు కోలిన్ పవెల్. ఆయనా రిపబ్లికనే, బుష్ ప్రభుత్వంలో విదేశాంగ మంత్రిగా చేసినవాడు, ఇరాక్ యుద్ధానికి ఐక్యరాజ్యసమితిలో వాదించిన మనిషి కూడా. దాన్ని నేను మరిచిపోలేదు. 2008 అక్టోబరు 19న టెలివిజన్‌లో ఆయన, ఒబామా ముస్లిం కాదు, క్రైస్తవుడు అని చెప్పి అక్కడ ఆగలేదు. ఒకవేళ ముస్లిమైతే మాత్రం ఈ దేశంలో తప్పేమిటి అని అడిగాడు. ఒక పత్రికలో తాను చూసిన ఫొటో సంగతి చెప్పాడు. ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో ఒక తల్లి కొడుకు సమాధిరాయికి తల ఆనించి కూర్చుంది. రాతిమీద సిలువ లేదు, నెలవంక, నక్షత్రం ఉన్నాయి. పేరు కరీమ్ రషాద్ సుల్తాన్ ఖాన్. ఇరవై ఏళ్ళవాడు, న్యూజెర్సీలో పుట్టాడు, 2007లో ఇరాక్‌లో అమెరికా సైన్యం తరఫున చనిపోయాడు. 1960లో కెన్నెడీ హూస్టన్‌లో ప్రొటెస్టెంటు పాదిరుల ముందు నిలబడి, నేను కాథలిక్కునే, అయితే ఏమిటి అన్న ధోరణిలో మాట్లాడాడు. "అయితే ఏమిటి" అన్న మాట మన విషయంలో 2008 దాకా అంత పెద్దవాడు ఎవరూ అనలేదు.

చట్టం ఏం చేస్తోందని అడుగుతారు. అభ్యర్థి స్వయంగా ఇచ్చే ప్రకటనను అక్కడి ప్రసార కేంద్రాలు మార్చకూడదు, అబద్ధమున్నా సరే. "ఈ సందేశాన్ని నేను ఆమోదించాను" అని అభ్యర్థి తన గొంతుతో చెప్పాలని 2002లో చట్టం తెచ్చారు. దాంతో ఏమైంది? చెత్త పని బయటి సంఘాలకు మరింతగా మళ్ళింది. 2010 సుప్రీంకోర్టు తీర్పు తరువాత ఆ సంఘాల ఖర్చుకు పరిమితే లేకుండా పోయింది. మన 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షను అభ్యర్థి వ్యక్తిగత శీలం మీద తెలిసి తెలిసి వేసే అబద్ధాన్ని అవినీతి చర్య అంటుంది. ఎన్నిక రద్దు కావచ్చు కూడా. కోర్టులో రుజువు చేయడం ఎంత కష్టమో వకీళ్ళను అడగండి.

చివరగా 2024 సంగతి ఒకటి. ఇది అమెరికాలో ఓటున్న మన పిల్లలకు వర్తిస్తుంది. మిషిగన్‌లో అరబ్బులు, ముస్లిములు ఎక్కువగా ఉండే చోట్ల ఫోనుల్లో ప్రకటనలు వచ్చాయి. కమలా హారిస్ ఇజ్రాయెల్‌కు గట్టి అండ, ఆమె భర్త యూదుడు అని పొగడ్తలాగా. పెన్సిల్వేనియాలో యూదులుండే చోట్ల వేరే ప్రకటనలు వచ్చాయి. ఆమె పాలస్తీనా వైపు మొగ్గుతోందని. రెండూ వేసింది ఒకే సంఘం. ఇక్కడ మనం బురద మాత్రమే కాదు, బురద చూసి ముఖం తిప్పుకోవలసిన ప్రేక్షకులం కూడా. యూదు భర్త ఉండడమే దోషమన్నట్లు మనకు చూపిస్తే, మన పిల్లలు దాన్ని అందరికీ పంపించారా లేదా అన్నది నేను అడగను, ఎవరింట్లో వారు అడుగుకోవచ్చు.

ఫేస్‌బుక్, గూగుల్ సంస్థలు 2018నుంచి రాజకీయ ప్రకటనలను ఒక చోట భద్రపరుస్తున్నాయి. డబ్బు ఎవరిచ్చారు, ఏ రాష్ట్రంలో చూపించారు అన్నది ఎవరైనా వెదికి చూడవచ్చు, రుసుము లేదు. విద్యార్థులెవరికైనా ఆసక్తి ఉంటే భోజనాలయ్యాక నా దగ్గరికి రండి, ఎట్లా వెదకాలో చూపిస్తాను.