కౌలుకు ఒప్పుకునే ముందు ఒక్క లెక్క
(కౌలురైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పంట అమ్ముకున్నాక లెక్క చూసుకుని తల పట్టుకోవడం మనకు అలవాటైపోయింది. ఆ లెక్కేదో కౌలుకు మాట ఇచ్చే ముందే వేసుకుందామని మేము అంటున్నాం. పెద్ద చదువులు అక్కర్లేదు. బడిలో పిల్లలు నేర్చుకునే అసమీకరణం చాలు. సమీకరణం "సరిగ్గా ఇంత" అంటుంది. అసమీకరణం "కనీసం ఇంత", "ఇంతకు మించకూడదు" అంటుంది. సేద్యంలో మనకు కావలసింది ఈ మాటే.

ఎకరా వరి తీసుకుందాం. దుక్కి నుంచి కోత దాకా, అప్పు వడ్డీతో సహా చేతి ఖర్చు 32,000 రూపాయలు అనుకుందాం. కౌలు 15 బస్తాలు, బస్తా 75 కిలోలు. 2025-26కు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అంటే బస్తాకు 1,776.75. దిగుబడిని 'ది' అందాం. నష్టం రాకూడదంటే:

(ది – 15) × 1,776.75 ≥ 32,000

భాగిస్తే, కౌలు పోను 18.01 బస్తాలకు తగ్గకూడదు. 18 అమ్మితే 18 రూపాయల 50 పైసలు తక్కువ పడతాయి. కాబట్టి నిండు బస్తాల్లో 19. కౌలు 15 కలిపితే కనీసం 34 బస్తాలు పండాలి.

కళ్లంలో బస్తా 1,500కే అడిగితే? 32,000ను 1,500తో భాగిస్తే 21.33. అంటే 22 బస్తాలు. దిగుబడి 37 కావాలి. ధర తగ్గినందుకు మూడు బస్తాలు అదనంగా పండించాలన్నమాట!

ఇప్పుడు లెక్క తిరగేద్దాం. ఆ పొలం 35 బస్తాలే ఇస్తుందని మన అనుభవం. ధర 1,500. కౌలు 'కౌ' ఎంతవరకు ఒప్పుకోవచ్చు?

35 – కౌ ≥ 21.33
కౌ ≤ 13.67

గుర్తు తిరగబడింది చూడండి. కౌలు పెరిగితే మిగులు తగ్గుతుంది, అందుకే "కనీసం" పోయి "మించకూడదు" వచ్చింది. దిగుబడిని పైకి సవరించాం, కౌలును కిందికి సవరించాలి. అంటే 13 బస్తాలు. 14కు ఒప్పుకుంటే మిగిలే 21 బస్తాలకు వచ్చేది 31,500. ఎకరాకు 500 నష్టం.

ఇందులో మన ఇంటిల్లిపాది కష్టం కలపలేదు. దానికి 8,000 కడితే ఖర్చు 40,000. అప్పుడు కౌలు 8 బస్తాలు దాటకూడదు. 13కీ 8కీ మధ్య ఉన్న ఐదు బస్తాలు మన చెమట.

స్వామినాథన్ అధ్యక్షతన జాతీయ రైతు కమిషన్ 2006లో చెప్పిందీ అసమీకరణమే: ధర ≥ 1.5 × ఖర్చు. ఖర్చులో ఏమేమి కలపాలన్నదే తగవు. సొంత భూమి అద్దె, సొంత పెట్టుబడి వడ్డీ కూడా కలిపిన సి2 ఖర్చు మీద ఇవ్వాలని రైతు సంఘాలు అడుగుతున్నాయి.

మన ఖర్చు మన పుస్తకంలో ఉంటేనే అడిగే నోటికి బలం. రేపు కౌలు మాటకు కూర్చునేటప్పుడు ఆ పుస్తకం చేత్తో పట్టుకుని వెళ్లండి. ఒక్కరుగా కాదు, ఊళ్లోని కౌలురైతులంతా కలిసి వెళ్దాం.