చట్టం అదే, చూపు వేరు



వ్యాపారులు పోటీ పడవలసిన చోట చేతులు కలిపి ధరలు పెంచకుండా, బజారులో బలం సంపాదించిన సంస్థ ఆ బలంతోనే ఇతరులను తొక్కివేయకుండా, విలీనాల ద్వారా ఒక రంగమంతా కొద్దిమంది గుప్పిట్లోకి పోకుండా చూసేది పోటీ చట్టం. వ్యాపారుల కుమ్మక్కును న్యాయగ్రంథాలు కార్టెల్ అంటాయి. తెలుగువారు దానికి చాలాకాలంగా సిండికేటు అని పేరు పెట్టుకున్నారు, టెండరుకు ముందే గుత్తేదారులు మాట్లాడుకుంటే రింగయ్యారని అంటారు. సామాన్యులకు ఇంతగా తెలిసిన ఈ దోషాన్ని ప్రభుత్వాలు ఎప్పుడు పట్టించుకున్నాయి, ఎప్పుడు చూసీ చూడనట్టు ఉన్నాయి అని పరిశీలిస్తే, చట్టంలోని మాటలు పెద్దగా మారకపోయినా, ఏది హాని అన్న అవగాహన మాత్రం తరానికొక తీరుగా మారుతూ వచ్చిందని తెలుస్తుంది.

అమెరికా అనుభవమే దీనికి మొదటి సాక్ష్యం. 1890లో వచ్చిన షెర్మన్ చట్టం గుత్తాధిపత్యాన్ని నేరమని ప్రకటించినా, 1895లో ఆ దేశపు చక్కెర శుద్ధిలో దాదాపు 98 శాతాన్ని చేజిక్కించుకున్న సంస్థపై ప్రభుత్వం వేసిన దావాను సుప్రీంకోర్టు కొట్టివేసింది. వస్తువును తయారు చేయడం వేరు, వాణిజ్యం వేరు అన్నది ఆ తీర్పులోని తర్కం. అదే దశకంలో అదే చట్టాన్ని సమ్మె చేస్తున్న రైల్వే కార్మికులపై ప్రయోగించారు. అయితే 1911లో అవే మాటల బలంతో స్టాండర్డ్ ఆయిల్ సంస్థను 34 ముక్కలుగా విడగొట్టారు. పదహారేళ్లలో మారినది చట్టం కాదు, దాన్ని చదివినవారి చూపు.

ఆ చూపు మళ్లీ మలుపు తిరిగిన కాలాన్ని 1982 జనవరి 8వ తేదీ స్పష్టంగా చూపిస్తుంది. టెలిఫోన్ రంగాన్ని ఏలిన ఏటీ అండ్ టీని విడగొట్టడానికి అమెరికా ప్రభుత్వం ఆనాడే ఒప్పందం కుదుర్చుకుంది, 1969 నుంచి ఐబీఎంపై నడుపుతున్న దావాను ఆనాడే ఉపసంహరించుకుంది. అప్పటికే న్యాయ పండితుడు రాబర్ట్ బోర్క్ 1978 నాటి తన గ్రంథంలో, చట్టం చూడవలసింది సంస్థ ఎంత పెద్దదని కాదు, వినియోగదారుకు మేలు జరిగిందా లేదా అని వాదించాడు. ఈ వాదం అమలుకు ఒక కొలబద్దను ఇచ్చిందన్నది నిజమే. కానీ ధర ఒక్కటే హానికి గుర్తని నమ్మిన తరం, ధరే లేని సేవలు వచ్చినప్పుడు, అంటే వెతుకుడు యంత్రాలు, సామాజిక మాధ్యమాలు ఉచితంగా ఇంటింటికీ చేరినప్పుడు, ఆలస్యంగా మేల్కొన్నది. ఆ ఆలస్యం మూల్యం చిన్నది కాదు.

కుమ్మక్కుల విషయంలో కథ వేరుగా నడిచింది. రహస్యంగా జరిగే ఒప్పందానికి సాక్షి ఆ రహస్యంలో భాగస్వామే కనుక, దొంగల ముఠాలో ఒకడిని మాట్లాడించనిదే గుట్టు బయటపడదు. అమెరికా న్యాయశాఖ 1978లోనే ఇందుకోసం లీనియెన్సీ అనే పద్ధతి, అంటే తప్పు ఒప్పుకొని దర్యాప్తుకు సహకరించినవారికి శిక్ష మినహాయించే పద్ధతి తెచ్చినా, ఏడాదికి సుమారు ఒక్క దరఖాస్తే వచ్చేది. మినహాయింపు ఇవ్వడం అధికారి ఇష్టం మీద ఆధారపడి ఉండడమే అందుకు కారణం. 1993లో నిబంధన మార్చి, దర్యాప్తు మొదలుకాక ముందే వచ్చిన మొదటి సంస్థకు మినహాయింపు ఖాయమన్నారు. రెండవవారికి అది దక్కదు. అప్పటినుంచి భాగస్వాములు ఒకరినొకరు అనుమానించుకోవడం మొదలైంది, నెలకొకటికి మించి దరఖాస్తులు రాసాగాయి. పశువుల దాణా మొదలు పిల్లల ఆహారం దాకా కలిసే విటమిన్ల ధరలను 1990 దశకమంతా రహస్యంగా నిర్ణయించిన బహుళజాతి కుమ్మక్కు ఇలాగే బయటపడి, 1999లో రోష్ సంస్థ 50 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది. 2001లో ఐరోపా కమిషన్ ఆ రంగంపై 85 కోట్ల యూరోలకు పైగా విధించింది. గత యాభై ఏళ్ల అమలు చరిత్రలో ఇంత ఫలితమిచ్చిన పద్ధతి మరొకటి కనబడదు.

ఇదే కాలంలో ఈ చట్టం ప్రపంచమంతా పాకింది. 2001లో 14 దేశాల, ప్రాంతాల అధికార సంస్థలతో మొదలైన అంతర్జాతీయ పోటీ వేదికలో నేడు 130కి పైగా సంస్థలున్నాయి. చైనా చట్టం 2008లో అమలుకు వచ్చి, 2021లో అలీబాబాపై 1,820 కోట్ల యువాన్ల జరిమానా దాకా వెళ్లింది. ఐరోపా గూగుల్‌పై 2018లో 434 కోట్ల యూరోలు విధించి, అంతటితో ఆగక, తప్పు జరిగాక శిక్షించడం చాలదని భావించి, పెద్ద డిజిటల్ వేదికలు ఏమి చేయకూడదో ముందే చెప్పే చట్టాన్ని 2022లో తెచ్చింది.

భారతదేశం 1969 నాటి గుత్తాధిపత్య చట్టంతో మొదలుపెట్టి, పరిమాణాన్ని అనుమానించే ఆ దృక్పథాన్ని విడిచి, 2002లో కొత్త చట్టం చేసుకుంది. అయితే కుమ్మక్కు, ఆధిపత్య దుర్వినియోగ నిబంధనలు అమలులోకి వచ్చింది 2009 మే 20న. ఇల్లు కట్టుకునే ప్రతి కుటుంబానికీ సంబంధించిన సిమెంటు వ్యవహారం ఈ చట్టం బలాన్నీ బలహీనతనూ కలిపి చూపిస్తుంది. 2012 జూన్‌లో పోటీ కమిషన్ సిమెంటు సంస్థలపై 6,300 కోట్ల రూపాయలకు మించి జరిమానా విధించింది. ధరలు ఒకే తీరుగా కదలడం, ఉత్పత్తి సామర్థ్యం ఉన్నా వాడకపోవడం, తయారీదారుల సంఘం సమావేశాల్లో సమాచారం పంచుకోవడం దానికి ఆధారాలు. వాదనలు వినని అధ్యక్షుడు ఆదేశంపై సంతకం చేయడం సహజ న్యాయానికి విరుద్ధమని 2015లో అప్పీలు ట్రిబ్యునల్ దాన్ని కొట్టివేయగా, 2016లో కమిషన్ మళ్లీ విచారించి జరిమానా వేసింది, 2018లో జాతీయ కంపెనీ లా అప్పీలు ట్రిబ్యునల్ సమర్థించింది, ఆపై వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. విన్నవారే తీర్పు ఇవ్వాలన్న సూత్రం విలువైనది. దాన్ని మొదటే పాటించి ఉంటే ఇన్నేళ్లు కరిగిపోయేవి కావు. జరిమానా అంకె ఎంత పెద్దదైనా వసూలు కాని జరిమానాకు సంస్థలు భయపడవు.

ఇప్పుడు చట్టం ముందున్న చిక్కు మరింత సూక్ష్మమైనది. పోటీదారులు కలుసుకోకుండానే, ఒకే సాఫ్ట్‌వేరు సలహాపై ధరలు పెంచుకోవచ్చు; అమెరికా న్యాయశాఖ 2024 ఆగస్టులో ఇంటి అద్దెలను సూచించే రియల్‌పేజ్ సంస్థపై దావా వేసింది ఇందుకే. భారత చట్టం ఒప్పందమన్న మాటను రాతపూర్వకమైనా కాకపోయినా ఏదైనా అవగాహన, లేదా కలిసికట్టుగా చేసే చర్య అని విశాలంగా నిర్వచించింది. ఎవరూ ఎవరితోనూ మాట్లాడకుండా, ఒక యంత్రం అందరికీ ఒకే మాట చెబితే అది ఆ నిర్వచనంలోకి వస్తుందా అన్న ప్రశ్నపై, నేడు పట్టా అందుకుంటున్న న్యాయ, ఆర్థిక, కంప్యూటర్ శాస్త్ర విద్యార్థులలో కొందరు రేపు వాదనలు రాస్తారు, కొందరు ఆ సాఫ్ట్‌వేరును రాస్తారు, కొందరు తీర్పు చెబుతారు.