భూమి వ్రాసికొను జమ



నేను సహకార సంఘపు లెక్కలు వ్రాసికొనువాడను. భారత భాగవతములను ఈ గ్రంథాలయపు బల్లమీదనే స్వయముగా చదువుకొన్నాను. భౌతికశాస్త్ర పండితుడను గాను. అయినను ఇచ్చటనే చదివిన యొక విషయము మన కల్లములకు సంబంధించినది గనుక విన్నవించుచున్నాను.

ఋణవిద్యుదావేశము గల కణమొకటి, భూమితో కలుపబడిన విశాలమైన లోహపు పలక యెదుట నున్నదనుకొందము. పలక ఊరకుండదు. దాని ముఖమున ధనావేశము ప్రోగగును. ఆ ప్రోగు మొత్తము కణపు ఆవేశమునకు సరిసమానము. ఖర్చునకు తగిన జమ యన్నమాట. దీని ఆకర్షణను లెక్కించుటకు 1840లలో విలియం థామ్సన్ ఒక సులభోపాయము చూపెను. పలకను అద్దముగా భావించి, కణమెంత దూరమున నున్నదో ఆవలివైపున అంతే దూరమున వ్యతిరేకావేశము గల ప్రతిబింబ మున్నదని తలచిన చాలును. ప్రతిబింబము నిజముగా లేదు. లెక్క మాత్రము తప్పదు.

కణము చేరువైన కొలది ప్రతిబింబమును చేరువగును. దూరము సగమైన ఆకర్షణ నాలుగింతలగును. కావున వేరొక బలమేదియు లేనిచో, విడిచిన కణము మొదటి సగము దూరమునకే మొత్తము కాలములో నూటికి సుమారు 82 పాళ్లు గడుపును. తక్కిన సగమును 18 పాళ్లలో ముగించును.

మేఘము ఒంటి కణము కాదు; పిడుగు నడక ఇంతకంటె చిక్కైనది. అయినను భూమి బదులిచ్చుట అందును సత్యమే. మేఘపు అడుగున సాధారణముగా ఋణావేశముండును. క్రింద నేలపై ధనావేశము చేరును. ఎత్తైన చెట్ల కొనలయందు దాని ప్రభావము తీవ్రమగును. పైనుండి దిగు విద్యుత్తునకు అట్టి కొనలనుండి మరియొకటి ఎదురేగును. రెండును కలిసినచో పిడుగు పడును. 2018 ఏప్రిల్ 24న మన రాష్ట్రమున 13 గంటలలో 36,749 పిడుగులు నమోదైనవి.

మబ్బు పట్టగానే మిరపకల్లముపై పట్టా కప్పి, పిదప చింతచెట్టు క్రింద నిలుచుట మన పల్నాటి అలవాటు. నా బాల్యమున అట్టి చెట్టు క్రిందనే ఎడ్లజత కూలియుండుట కన్నులార చూచితిని.

ఉరుము వినబడినంతనే కాయలను విడిచి పక్కా యింటిలోనికి చేరవలయును. చివరి ఉరుము వినబడి అరగంట గడచినగాని వెలుపలికి రావలదు. తడిసిన కాయల నష్టమును చిట్టాలో వ్రాసికొనవచ్చును. మనిషి పోయిన పద్దును ఏ జమయు తీర్చజాలదు.