చవక తాళంచెవి
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం బడిపంతులుని. బడిలో ఉర్దూ, బజారులో తెలుగు. రెండూ కలిసిపోయి నా నోట వస్తే మన్నించండి. మన సంఘం కంప్యూటరు సెంటరు పెట్టబోతున్నది గనుక దానికి సంబంధించిన ఒక్క విషయం మనవి చేసి కూర్చుంటాను. చూడటానికి చిన్నదే గాని, అందులో మన పరువూ ఉంది, చందాదారుల సొమ్మూ ఉంది.

మొన్న కార్యవర్గంలో లెక్కలు వేస్తూ ఉంటే ఒక తమ్ముడు లేచి అన్నాడు: "సార్, పది కంప్యూటర్లకు విండోస్, ఆఫీసు అసలువి కొంటే లక్ష దాటిపోతుంది. నెట్‌లో మూడు నాలుగు వందలకే కీ దొరుకుతుంది. వాట్సాప్‌లో నంబరు పంపిస్తారు, కొట్టుకుంటే చాలు. అందరూ చేస్తున్న పనే." ఆ అబ్బాయి ఉద్దేశం మంచిది. సంఘానికి నాలుగు డబ్బులు మిగల్చాలని. నేను ఆనాడు జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ పని ఒకప్పుడు నేనూ చేశాను.

ముందు ఈ కీ అంటే ఏమిటో చూద్దాం. విండోస్ కీ అంటే 25 అక్షరాలు, అంకెలు కలిసిన వరుస. అదే సాఫ్ట్‌వేర్ కాదు. సాఫ్ట్‌వేరును వాడుకొమ్మని కంపెనీ ఇచ్చిన అనుమతికి గుర్తు మాత్రమే. మన ఊరి సంగతితోనే చెబుతాను. ఉక్కునగరంలో స్టీలుప్లాంటు వారు ఉద్యోగికి క్వార్టరు ఇస్తారు. ఎవడో ఒకడు ఆ క్వార్టరుకు దొంగ తాళంచెవి చేయించి మీకు ఐదు వందలకు అమ్మాడనుకోండి. తలుపు తెరుచుకుంటుంది. ఫ్యాను తిరుగుతుంది. కుళాయిలో నీళ్లూ వస్తాయి. "చూశారా, పనిచేస్తోంది గదా!" అంటాడు వాడు. తలుపు తెరుచుకున్నంత మాత్రాన ఇల్లు మనదవుతుందా? ప్లాంటు వారు వచ్చి ఖాళీ చేయమన్ననాడు తాళంచెవి అమ్మినవాడు కంటికి కనబడతాడా?

ఈ చవక కీలు ఎక్కడి నుంచి వస్తాయంటారా? కొన్ని పెద్ద సంస్థలు తమ వందలాది కంప్యూటర్ల కోసం తీసుకున్నవి. లోపలివాడెవడో బయటికి అమ్ముతాడు. కొన్ని విద్యార్థులకని తక్కువకో ఉచితంగానో ఇచ్చినవి. కొన్ని పారేసిన కంప్యూటర్ల మీది స్టిక్కర్లు చూసి రాసుకున్నవి. అవి ఆ యంత్రంతోనే చెల్లిపోవాలి. కొన్ని దొంగిలించిన క్రెడిట్ కార్డులతో కొన్నవి. ఒకే కీని వందమందికి అమ్మడం కూడా ఉంది. దుర్వినియోగం జరిగిందని తెలిసిననాడు కంపెనీ ఆ కీని రద్దు చేస్తుంది. సంస్థలకిచ్చే ఒక పద్ధతిలోనైతే కనీసం 180 రోజులకొకసారి ఆ సంస్థ సర్వరును అడిగి అనుమతి తిరిగి తెచ్చుకోవాలి. అందుకే మొదటి నెలలు అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

ఇక నా సంగతి. కొన్నేళ్ల కిందట ఒక దాత మా బడికి పాత కంప్యూటరు ఇచ్చారు. నేను ఒక దుకాణంలో నాలుగు వందలకు కీ కొన్నాను. ఉర్దూ ప్రశ్నపత్రాల కోసం ఇన్‌పేజ్ కావాలంటే, దుకాణం కుర్రవాడు పెన్‌డ్రైవ్‌లోంచి వేసిచ్చాడు. వేసేముందు యాంటీవైరస్ ఆపేశాడు. ఎందుకయ్యా అంటే, "అది ఊరికే అరుస్తుంది సార్" అన్నాడు. ఇంట్లో కుక్క అరిచేది దొంగను చూసేనని నాకు ఆ రోజు తట్టలేదు.

కొన్ని నెలలకు తెర నల్లబడింది. మీ విండోస్ అసలుది కాదు అని రాత వచ్చింది. దుకాణానికి వెళితే చేతులెత్తేశారు. నెట్‌లోంచి యాక్టివేటర్ అనేదొకటి దింపి నేనే నడిపాను. మరి కొన్నాళ్లకు ఒక పొద్దున కంప్యూటరు తెరిస్తే ఫైళ్ల పేర్లన్నీ మారిపోయి ఉన్నాయి. డబ్బు కడితే విడిపిస్తామని ఒక ఉత్తరం. ఏ దారిన వచ్చిందో రుజువు చేయలేను గాని, తలుపు తీసిపెట్టింది మాత్రం నేనే.

ప్రశ్నపత్రాలు పోయినందుకు నాకు బాధ లేదు, మళ్లీ రాసుకోవచ్చు. మా పిల్లలు వాళ్ల తాతల దగ్గర కూర్చుని, ఆ రోజుల్లో హార్బరులో ఓడల మీద సరుకు ఎలా దించేవారో, కూలి ఎంత వచ్చేదో అడిగి రాసిన వ్యాసాలు అందులో ఉన్నాయి. టైపు చేశాక కాగితాలు పిల్లలకే ఇచ్చేశాను, అవీ మిగల్లేదు. ఆ తాతల్లో ఇద్దరు అప్పటికే అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. వాళ్ల మాటలు మళ్లీ ఎవరిని అడగను? నాలుగు వందలు మిగల్చబోయి నేను పోగొట్టింది అది.

ఇది ఒక్క నా అమాయకత్వమే అనుకోకండి. ఇన్‌పేజ్ 1994 నుంచి ఉన్న ఢిల్లీ కంపెనీ సరుకు; ఉర్దూ పత్రికలకు, ప్రెస్సులకు అన్నం పెట్టినది. 2016 నవంబరులో కాస్పర్‌స్కీ సంస్థవారు బయటపెట్టారు: ఇన్‌పేజ్‌లోని ఒక లోపాన్ని పట్టుకుని, ఈమెయిలులో ఉర్దూ పత్రంలా కనిపించే ఫైలు పంపి, ఆసియా, ఆఫ్రికా దేశాల్లో బ్యాంకుల మీద కూడా దాడి చేశారని. ఇలాంటి లోపాలు తెలిసినప్పుడు కంపెనీలు మామూలుగా మరమ్మతు పంపుతాయి. కీ పోతుందని భయపడి అప్‌డేట్లు ఆపుకున్నవాడికి ఆ మరమ్మతు అందదు.

మరమ్మతు అందకపోతే ఏమవుతుందో 2017లో లోకమంతా చూసింది. మే 12న వన్నాక్రై పుట్టింది. దానికి మందు మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసింది. మందు వేయని యంత్రాలకే తెగులు పట్టింది. మన రాష్ట్ర పోలీసు శాఖలో విశాఖపట్నం, శ్రీకాకుళం సహా కొన్ని జిల్లాల కంప్యూటర్లకు సైతం అది తగిలిందని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. వారిది దొంగ కీ అని నేననడం లేదు. అప్‌డేటు ఆగితే పోలీసు కంప్యూటరుకే రక్షణ లేదు, మన సెంటరుకు ఎక్కడిది అంటున్నాను.

చట్టం సంగతీ వినండి. కాపీరైటు చట్టం 63బి సెక్షను ప్రకారం, అక్రమ నకలని తెలిసి కంప్యూటరులో వాడితే 7 రోజులకు తగ్గకుండా 3 సంవత్సరాల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. లాభం కోసం, వ్యాపారం కోసం కాకుంటే కోర్టు జైలు లేకుండా 50,000 లోపు జరిమానాతో వదలవచ్చు. వదిలినా సంఘం పేరు కోర్టు కాగితాలకెక్కుతుంది గదా!

అన్నిటికంటే పెద్ద మాట ఒకటి. ఈ సెంటరుకు చందా ఎవరిచ్చారు? రోజంతా మూటలు మోసిన హమాలీ ఇచ్చాడు. మిషను కుట్టుకునే విధవరాలు ఇచ్చింది. అది మన దగ్గర అమానత్. ఆ సొమ్ముతో ఇంకొకరి హక్కును దొంగచాటుగా కొని, దాని మీద మన పిల్లలను కూర్చోబెట్టి "నిజాయితీగా బతకండి" అని నేను పాఠం చెప్పలేను.

మరి బీదవాళ్లం, ఏం చేయాలి? దారి ఉంది. లినక్స్, లిబ్రె ఆఫీసు పైసా ఖర్చు లేకుండా, హక్కుగా వాడుకోవచ్చు. కేరళ ప్రభుత్వ బడులు ఏళ్ల తరబడి ఇలాంటి వాటితోనే నడుస్తున్నాయి. ఉర్దూకు నోటో నస్తలీఖ్ వంటి ఫాంటు ఉచితం, తెలుగు యూనికోడ్ ఫాంట్లూ ఉచితమే. ఉద్యోగాలకు విండోస్ నేర్పక తప్పదంటారా, పదిలో రెండు కంప్యూటర్లు విండోస్ వేసి ఉన్నవే బిల్లుతో కొందాం. విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కనుక ఎవరైనా పాత యంత్రం చవకగా ఇస్తామంటే విండోస్ 11 నడుస్తుందో లేదో ముందు అడుగుదాం. రిజిస్టరైన సేవాసంస్థలకు, బడులకు కంపెనీలిచ్చే రాయితీకి అర్జీ పెడదాం.

ఇళ్లలో కూడా కొన్ని గుర్తులు పెట్టుకోండి. వేలల్లో ఉండే వస్తువు వందల్లో ఇస్తే అనుమానించండి. యాంటీవైరస్ ఆపమన్నవాడిని ఆపండి. కీ బదులు ఎవరిదో తయారు ఖాతా, పాస్‌వర్డు ఇస్తే పుచ్చుకోకండి. ఆ ఖాతాకు యజమాని వేరు, అందులో దాచిన మీ కాగితాలు అతని చేతిలో ఉంటాయి. ముఖ్యమైన ఫైళ్ల నకలు వేరే డ్రైవులో పెట్టి, పని కాగానే ఊడదీసి దాచండి. మోసపోయి డబ్బు పోతే సిగ్గుపడి కూర్చోక వెంటనే 1930కి ఫోను చేసి, బ్యాంకుకూ చెప్పండి.

రెండు విండోస్, ఎనిమిది లినక్స్. ఇదే నా ప్రతిపాదన. లెక్క కట్టే బాధ్యత మొన్న లేచిన ఆ తమ్ముడికే అప్పగించమని కోరుతున్నాను. పైసా విలువ తెలిసినవాడు. ఇక హార్బరు తాతల్లో మిగిలినవారి దగ్గరకు ఈసారి మన సెంటరు పిల్లలను పంపుదాం. మళ్లీ రాయిద్దాం, రెండు చోట్ల దాచుదాం.