శరీరానికి ఉన్న బాకీ కూడా లెక్కలో రాయండి

(సొంత వ్యాపారం, చేతిపని చేసుకునే మహిళల అలసట గురించి రోగుల బంధువులతో మా ఆసుపత్రి స్టాఫ్ నర్సు చేసిన ప్రసంగ పాఠం)



మీలో కొందరు రాత్రంతా వరండాలో చాప వేసుకుని పడుకుని లేచారు. కొందరు పొద్దున రైలుకు అన్నం క్యారియర్ పట్టుకుని వచ్చారు. మీ మనసంతా వార్డులో ఉన్న మీ మనిషి దగ్గరే ఉంటుందని నాకు తెలుసు. అందుకని ఎక్కువసేపు తీసుకోను. రోజూ మంచం మీద ఉన్నవారి గురించి చెబుతుంటాం. ఈ రోజు మంచం పక్కన కూర్చున్నవారి గురించి చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం ధర్మవరం నుంచి ఒక అక్క తన అత్తగారిని మా దగ్గర చేర్పించింది. నలభై దాటిన మనిషి. ఆరు మగ్గాలకు పట్టు నూలు, జరీ ఇచ్చి చీరలు నేయించి, బెంగళూరు దుకాణాలకు వేసేది. అత్తకు మందులు, పాలు, స్నానం అన్నీ తనే చూసేది. మధ్య మధ్యలో మెట్ల దగ్గర నిలబడి ఫోన్‌లో మగ్గాలవాళ్ళతో మాట్లాడేది. మూడో రోజు రాత్రి మందుల కౌంటర్ దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది. బీపీ చూస్తే 190/110. రక్తం పరీక్షిస్తే హిమోగ్లోబిన్ 7.6. ముందు రోజు పొద్దున నుంచి ఆమె తిన్నది రెండు బన్నులు, తాగింది ఐదారు టీలు.

తలనొప్పి ఎప్పటి నుంచి అని అడిగాను. "రెండేండ్లాయె సిస్టరమ్మా, మాత్ర ఏసుకుంటే తగ్గుతాంది" అంది. ఇక రెస్టు తీసుకోవాలమ్మా అన్నాను. నవ్వింది. "యాడ రెస్టు సిస్టరమ్మా? సోమవారం కంతు కట్టల్ల. మగ్గాలోళ్ళకు కూలి ఇయ్యల్ల. నేను పండుకుంటే ఎవరిస్తారు?" అంది.

నాకు జవాబు దొరకలేదు. అన్నేళ్ళుగా "రెస్టు తీసుకోండి" అనే మాటను నేను మాత్ర ఇచ్చినట్టు ఇస్తూ వచ్చాను. ఆ మాట ఆమెకు ఎలా పనికొస్తుందో ఎప్పుడూ ఆలోచించలేదు. ఆమె సంచిలో ఒక లెక్కల పుస్తకం ఉండేది. ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవరి నుంచి ఎంత రావాలో పైసాతో సహా రాసుకుంది. తన శరీరానికి ఎంత నిద్ర, ఎంత తిండి బాకీ ఉందో మాత్రం అందులో లేదు. ఆమె భర్త వచ్చి, "ఆమెకేమైతాది సిస్టర్, గట్టి మనిషి" అన్నాడు. మీతో ఈ విషయం మాట్లాడాలని నాకు ఆ రోజే అనిపించింది.

మన ఊళ్ళలో ఆడవాళ్ళ పని

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ ఒకే రైలు మార్గంలో ఉన్నాయి. 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. ధర్మవరంలో పట్టుచీర వెనుక ఆడవారి పని ఎంత ఉందో మీకు చెప్పనక్కరలేదు. కండెలు చుట్టడం, పోగులు అతకడం దగ్గర నుంచి చీరలు అమ్మి డబ్బు వసూలు చేయడం వరకు చేస్తున్నారు. హిందూపురంలో చింతపండు, ఎండుమిర్చి పని, కూరగాయల అంగళ్ళు, కుట్టు పని ఉన్నాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కార్ల ఫ్యాక్టరీ మొదలైన తర్వాత టిఫిన్ సెంటర్లు, మెస్‌లు పెరిగాయి. అక్కడ పొయ్యి తెల్లవారక ముందే వెలుగుతుంది.

వీరిలో చాలామంది వ్యాపారం డ్వాక్రా సంఘం అప్పుతో మొదలైంది. 1982లో వచ్చిన డ్వాక్రా పథకం 1999లో మరో పథకంలో కలిసిపోయింది. అయినా పొదుపు సంఘాలను మనం ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తాం. ఆ సంఘాల వల్ల ఎన్నో ఇళ్ళు నిలబడ్డాయి. ఆడమనిషి చేతిలో నాలుగు రూపాయలు ఆడాయి. అందులో సందేహం లేదు. అయితే కంతు తేదీ వచ్చినప్పుడు ఆ భారం కూడా ఆమె మీదే పడుతుంది. ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థల వారపు వసూళ్ళ ఒత్తిడి ఎంత దూరం వెళ్ళిందంటే, 2010 అక్టోబరులో మన రాష్ట్ర ప్రభుత్వం దాన్ని అదుపు చేయడానికి ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది.

ఇది బద్ధకం కాదు

పని ఒత్తిడి చాలాకాలం తగ్గకుండా ఉంటే మనిషి లోపల నుంచి కాలిపోయినట్టు అవుతుంది. దీన్ని ఇంగ్లీషులో బర్నవుట్ అంటారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికి మూడు గుర్తులు చెప్పింది. ఒకటి, ఒంట్లో శక్తి అంతా అయిపోయినట్టు ఉండటం. రెండు, చేసే పని మీదే విరక్తి, విసుగు పుట్టడం. మూడు, ముందులా పని చేయలేకపోతున్నానని అనిపించడం. దీన్ని ఆ సంస్థ జబ్బుగా లెక్కించలేదు, పని వల్ల వచ్చే స్థితి అంది. కానీ దాన్ని పట్టించుకోకపోతే జబ్బులకు దారి తీస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అధ్యయనం ప్రచురించాయి. వారానికి 55 గంటలు, అంతకంటే ఎక్కువ పని చేసేవారికి, 35 నుంచి 40 గంటలు పని చేసేవారితో పోలిస్తే పక్షవాతం వచ్చే ప్రమాదం 35 శాతం ఎక్కువని తేలింది. ఇక ఇంటి పని చూద్దాం. 2024లో దేశవ్యాప్తంగా జరిగిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి పనులు చేసే ఆడవారు రోజుకు 289 నిమిషాలు, మగవారు 88 నిమిషాలు ఆ పనికి ఇస్తున్నారు. అంటే అంగడి మూసి వచ్చిన అక్కకు ఇంట్లో ఇంకో అంగడి తెరిచే ఉంటుంది.

దీనికి రక్తహీనత తోడవుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవారిలో నూటికి దాదాపు 59 మందికి రక్తం తక్కువగా ఉంది. రక్తం తక్కువగా ఉన్న మనిషిని "ఊరికే అలసిపోతుంది" అని అనడం తప్పు.

ఈ లక్షణాలు గమనించండి

- రాత్రి పడుకున్నా పొద్దున లేచేసరికి అలసటగానే ఉండటం, లేదా పడుకున్నా అప్పులు, లెక్కలు తిరుగుతూ నిద్ర పట్టకపోవడం
- తరచూ తలనొప్పి, మెడనొప్పి, నడుము నొప్పి, కడుపులో మంట
- చిన్న మాటకు పిల్లల మీద, పనివారి మీద అరవడం, తర్వాత ఏడవడం
- ఇష్టంగా చేసిన పనే చూడబుద్ధి కాకపోవడం
- లెక్కలు తప్పడం, చెప్పిన మాట మరిచిపోవడం
- నెలసరి ఎక్కువగా కావడం, మెట్లెక్కితే ఆయాసం రావడం

వీటిలో కొన్ని థైరాయిడ్, షుగర్, రక్తహీనత వల్ల కూడా వస్తాయి. కాబట్టి ఇవి రెండు వారాలు దాటితే "పని ఎక్కువైంది, అంతే" అని ఇంట్లోనే నిర్ణయించుకోకండి. డాక్టరుకు చూపించండి.

అక్కలకు, చెల్లెళ్ళకు చెప్పేది

1. టీ కంటే ముందు తిండి. సంగటి, పప్పు, ఊరిబిండి, ఆకుకూర మన ఇళ్ళలో ఉండేవే. తోటకూర, మునగాకు, వేరుశనగలు వాడండి. ఐరన్ మాత్ర ఇస్తే టీతో వేసుకోవద్దు, కనీసం గంట ఎడం ఉండాలి. నిమ్మకాయ నీళ్ళతో వేసుకుంటే బాగా పడుతుంది. మలం నల్లగా వస్తే భయపడి మాత్ర ఆపవద్దు.

2. నీళ్ళు తాగండి. మార్కెట్లో మరుగుదొడ్డి లేదని పొద్దున నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగకుండా కూర్చునే అక్కలను నేను చాలామందిని చూశాను. మూత్రంలో మంటతో, జ్వరంతో మా దగ్గరకు వస్తారు. పక్క అంగళ్ళవారంతా కలిసి దగ్గరలో ఒక ఇంటివారినో, హోటల్‌వారినో అడిగి పెట్టుకోండి. అందులో సిగ్గుపడేది ఏమీ లేదు.

3. నొప్పి మాత్రలు మీకు మీరే కొనుక్కుని రోజూ మింగకండి. అవి కడుపులో పుండు చేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి, బీపీని పెంచుతాయి. కండెలు చుట్టేవారు, మిషన్ కుట్టేవారు గంటకోసారి లేచి ఐదు నిమిషాలు నడిస్తే ఆ మాత్రలో సగం పని అవుతుంది.

4. ఇంట్లో చేసే వ్యాపారానికి కూడా మూసే వేళ పెట్టుకోండి. రాత్రి తొమ్మిది దాటితే బేరం ఫోన్లు రేపటికి. కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. వారంలో ఒక పూట పని లేకుండా ఉంచండి. మగ్గానికి నూనె వేస్తాం, గ్రైండరు వేడెక్కితే ఆపుతాం. మనిషికీ అంతే.

5. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేయకండి. కంతు కట్టలేమని తెలిసిన రోజే సంఘంలో చెప్పండి, గడువు తేదీ దాకా దాచుకోకండి. మనసులో దాచిన అప్పు నిద్రను తింటుంది.

6. ఏడాదికి ఒకసారి బీపీ, షుగర్, హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. 30 ఏళ్ళు దాటినవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు. బీపీ 140/90, అంతకంటే ఎక్కువ ఉన్నా, హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉన్నా డాక్టరును కలవండి.

7. సంఘం మీటింగులో పొదుపు లెక్క అయ్యాక పది నిమిషాలు ఒంటి లెక్క కూడా మాట్లాడుకోండి. 1972లో అహ్మదాబాదులో ఇలా భట్ గారు స్వయం ఉపాధి మహిళల కోసం సేవా సంఘాన్ని స్థాపించారు. పనిచేసే ఆడమనిషికి జబ్బు చేస్తే ఆ రోజే ఆదాయం ఆగిపోతుందని వారు గుర్తించి, పొదుపుతో పాటు ఆరోగ్యం, బీమా, పిల్లల సంరక్షణ కూడా చూశారు. మన సంఘాలు కూడా చిన్నగా మొదలుపెట్టవచ్చు. ఒకరు జబ్బు పడితే వారం రోజులు ఆమె అంగడి ఎవరు చూస్తారో ముందే అనుకుంటే చాలు.

ఇంటివారికి చెప్పేది

అన్నలారా, తమ్ముళ్ళారా, అత్తమ్మలారా, ఇప్పుడు మీతో మాట్లాడతాను.

"అంత కష్టమైతే వ్యాపారం మానెయ్యి" అనకండి. ఆ వ్యాపారంలో ఆమె గౌరవం ఉంది, మీ పిల్లల ఫీజు ఉంది. వ్యాపారం తగ్గించే ముందు, ఆమె మీద ఉన్న ఇంటి భారాన్ని తగ్గించండి. ఒక పనిని పూర్తిగా మీరే తీసుకోండి. నీళ్ళు పట్టడమో, రాత్రి గిన్నెలు కడగడమో, పిల్లలను బడికి పంపడమో, ఏదైనా సరే. ఆమె చెప్పాక చేయడం కాదు, ఆమెకు ఆ పని గుర్తు పెట్టుకునే అవసరమే లేకుండా చేయండి.

ఇంట్లో ఇంకొకరికి ఆమె లెక్కలు తెలిసి ఉండాలి. సరుకు ఎక్కడ నుంచి వస్తుంది, ఎవరు బాకీ, కంతు ఏ రోజు అన్నది కొడుకో, కూతురో, భర్తో నేర్చుకోండి. ఆమె ఒక్కదానికే తెలిసినంత కాలం ఆమెకు సెలవు లేదు.

అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటు మాన్పించండి. కలిసి కూర్చోండి. ఆమె కంచంలో ఏముందో చూడండి.

ఇక్కడ రోగికి తోడు ఉండటం కూడా వంతులుగా చేయండి. రెండు రాత్రులకు మించి ఒకే మనిషిని ఉంచకండి. మీకు వీలు కాకపోతే మా నర్సులతో చెప్పండి, ఆ రాత్రి మేము కాస్త ఎక్కువ చూసుకుంటాం.

వెంటనే రావలసిన సమయం

ఛాతీలో బరువు, దవడకో వీపుకో పాకే నొప్పి, చల్లని చెమట, ఆయాసం వస్తే "గ్యాస్" అని సోడా తాగించి కూర్చోవద్దు. ఆడవారిలో గుండెపోటు ఒక్కోసారి ఛాతీనొప్పి లేకుండా, వాంతి, నీరసం, ఆయాసంగా కూడా వస్తుంది. మూతి వంకర పోవడం, ఒక చెయ్యి కాలు పడిపోవడం, మాట తడబడటం పక్షవాతం గుర్తులు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇంకొక మాట. నేత కుటుంబాలలో అప్పుల బాధతో ప్రాణాలు తీసుకున్న వార్తలు మన ధర్మవరం ప్రాంతంలో మనం చదివాం. "నేను లేకపోతే మీకు బాగుంటుంది" అని ఇంట్లో ఎవరైనా అంటే, అది విసుగు మాట అని వదిలేయకండి. ఒంటరిగా ఉంచకండి. తిట్టకుండా, పక్కన కూర్చుని వినండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. లేదా నేరుగా ఆసుపత్రికి తీసుకురండి.

ఆ ధర్మవరం అక్క నాలుగు రోజులు మా దగ్గర ఉంది. అత్తగారి మంచం పక్కనే ఆమెకు మంచం వేశాం. ఆ నాలుగు రోజులు మగ్గాల దగ్గరకు ఇంటర్ చదివే కూతురు వెళ్ళింది. ఒక చీర రంగు తేడా వచ్చింది, ఒక దుకాణంవాడు కోప్పడ్డాడు. కానీ సోమవారం కంతు కట్టారు. నెల తర్వాత బీపీ చూపించుకోవడానికి వచ్చి, తన పుస్తకం తెరిచి నాకు చూపించింది. బాకీల పేజీ చివర బీపీ మాత్ర, నిద్ర, ఆదివారం మధ్యాహ్నం అని మూడు మాటలు రాసుకుంది. మాత్రకు రోజూ టిక్కు ఉంది. నిద్రకు చాలా చోట్ల ఖాళీ ఉంది. "ఇంకా కట్టల్ల సిస్టరమ్మా" అంది.

కట్టవచ్చు, కొంచెం కొంచెంగానే కట్టవచ్చు. ఈ రోజు మీరు ఇక్కడ నుంచి లేవగానే ముందు ఏదైనా తినండి. తర్వాత మూడో నంబరు గదికి వచ్చి బీపీ చూపించుకోండి. రోగులకే కాదు, తోడు వచ్చినవారికీ చూస్తాం. రెండు నిమిషాలు పడుతుంది, డబ్బు అక్కరలేదు.